ఉమ్మడి లైబ్రరీ కట్టడం మనకెప్పుడు నేర్పుతారు?

కంప్యూటర్ కోర్సులో చేరిన ప్రతి విద్యార్థికీ 'సి' భాషతోనే అక్షరాభ్యాసం జరుగుతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1970ల తొలి సంవత్సరాల్లో రూపొందించిన ఈ భాషకు యాభై ఏళ్లు నిండాయి. అయినా పాఠ్యప్రణాళికలో దాని చోటు చెక్కుచెదరలేదు. అది మంచిదే. అయితే డిగ్రీలోనూ పి.జి.లోనూ ఈ భాష చదివి పాసైన విద్యార్థిని పిలిచి, "ఒక చిన్న ఉమ్మడి లైబ్రరీ కట్టు, దాన్ని వేరే ప్రోగ్రాముకు లింకు చేసి చూపించు" అని అడిగితే ఎంతమంది చేయగలరు? మాకు తెలిసినంతలో బహు కొద్దిమంది. ఇందుకు విద్యార్థులను నిందించి ప్రయోజనం లేదు. చూపించని పని ఎవరికైనా ఎలా వస్తుంది?

గిద్దలూరులోని ఈ వసతిగృహంలో ఉండి చదువుకుని, వేర్వేరు ఊళ్లలో డిగ్రీ ముగించి, పి.జి. దాకా వెళ్లిన మేము కొందరం కలిసినప్పుడల్లా మాట్లాడుకునే విషయం ఇదే. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చేతపట్టిన మొదటివాళ్లం మేమే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో మా అభిప్రాయాన్ని తమ్ముళ్ల ముందు, చెల్లెళ్ల ముందు, మాకంటే ముందు ఇక్కడి నుంచి వెళ్లిన అన్నల ముందు ఉంచుతున్నాం. కంప్యూటర్ చదువుతో సంబంధం లేని మిత్రులు కూడా దయచేసి చివరి వరకు చదవాలని మనవి. ఇది అంత కష్టమైన సంగతేమీ కాదు.

మా ల్యాబ్ రికార్డులు తిరగేసి చూస్తే ఫ్యాక్టోరియల్, ఫిబొనాకీ, పాలిండ్రోమ్, మాట్రిక్స్ గుణకారం వరసగా కనిపిస్తాయి. అన్నీ ఒకే ఫైలులో మొదలై అదే ఫైలులో ముగిసేవే. రెండో ఫైలు అవసరమయ్యే ప్రోగ్రాము ఒక్కటీ లేదు. నీలం తెర మీద ఒక మీట నొక్కగానే జవాబు వస్తుంది. ఆ మీట వెనక ఏం జరిగిందో అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. తీరా ఉద్యోగపు ఇంటర్వ్యూలో, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని వస్తే దాని అర్థమేమిటి?" అని అడిగితే తెల్లమొహం వేసి బయటికి వచ్చిన మిత్రులు మాలో ఉన్నారు. పట్నంలో పెద్ద కాలేజీ విద్యార్థికి ఇంట్లో అన్నో, పక్కింటి ఇంజినీరో చెబుతాడు. మనకు ఎవరు చెప్పాలి?

అసలు లైబ్రరీ అంటే ఏమిటి?

నెట్ సెంటరుకు వెళ్లిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఏదో ప్రోగ్రాము తెరవబోతే, ఫలానా 'డి.ఎల్.ఎల్.' ఫైలు దొరకలేదని ఒక పెట్టె తెర మీదికి వస్తుంది. సెంటరు నడిపేవారు "సిస్టం ఫార్మాట్ కొట్టాలి" అంటారు. నిజానికి కంప్యూటర్‌కు ఏ రోగమూ లేదు. ఆ ప్రోగ్రాము తనకు కావలసిన కొంత పనిని వేరే ఫైలులో ఉన్న ఉమ్మడి లైబ్రరీకి అప్పగించింది, ఆ ఫైలు తన చోట లేదు. అంతే. విండోస్‌లో డి.ఎల్.ఎల్. అనే దానినే లినక్స్‌లో 'షేర్డ్ ఆబ్జెక్ట్' అంటారు. ఆ ఫైలు పేరు చివర చుక్క, దాని పక్కన 'ఎస్.ఓ.' అనే రెండు అక్షరాలు ఉంటాయి.

లైబ్రరీ అనే పేరు ఊరికే రాలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ పనిచేయడం మొదలుపెట్టింది. దానికి కావలసిన చిన్న చిన్న ప్రోగ్రాములను కాగితపు టేపుల మీద చిల్లులుగా పొడిచి, ఆ టేపులను ఒక బీరువాలో వరసగా దాచేవారు. వర్గమూలం కావలసినవారు ఆ టేపు తీసి, దాని నకలును తమ ప్రోగ్రాము టేపులోకి ఎక్కించుకునేవారు. మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే ముగ్గురూ ఈ పద్ధతిని 1951లో పుస్తకంగా కూడా వెలువరించారు. ఒకరు సరిగా రాసి పెడితే పదిమందీ వాడుకోవాలన్న ఆలోచన కంప్యూటర్‌తో పాటే పుట్టిందన్నమాట.

హాస్టల్ భాషలోనే చెప్పుకుందాం. అల్మరాలో గణిత సూత్రాల పుస్తకం ఒక్కటే ఉంది. అరవై మంది విద్యార్థులున్నారు. ఒక పద్ధతి ఏమిటంటే, ఎవరికి వారు తమకు కావలసిన పేజీలను సొంత నోటుబుక్కులోకి ఎక్కించుకోవడం. దీనిని స్టాటిక్ లింకింగ్ అంటారు. ఆ నోటుబుక్కు పట్టుకుని సెలవుల్లో ఊరికి వెళ్లినా పని ఆగదు. కానీ ఒకే పేజీ అరవైసార్లు రాసినట్టయింది. పైగా ఆ పుస్తకంలో ఒక సూత్రం తప్పు పడిందని తర్వాత తెలిస్తే, అరవై నోటుబుక్కులూ తిరిగి దిద్దాలి.

రెండో పద్ధతిలో నోటుబుక్కులో సూత్రం రాయరు. "అల్మరాలోని ఫలానా పుస్తకంలో ఫలానా పేరు గల సూత్రం చూడు" అని మాత్రం రాసుకుంటారు. పని చేసేటప్పుడు పుస్తకం తెరిచి చూస్తారు. ఇది ఉమ్మడి లైబ్రరీ పద్ధతి. పుస్తకం ఒక్కటే, చదివేవారు అరవై మంది. తప్పు దొరికితే ఒక్క చోట దిద్దితే చాలు. అయితే పుస్తకం అల్మరాలో లేకపోతే అరవై మంది పనీ ఆగిపోతుంది. నెట్ సెంటరులో మనం చూసిన పెట్టె అదే.

ఇక్కడ మూడు పేర్లు గుర్తుంచుకోవాలి. కంపైలరు మనం రాసిన సి ప్రోగ్రామును యంత్రభాషలోకి మారుస్తుంది. లింకరు ఏ పేరు ఏ పుస్తకంలో ఉందో చూసి జత కలుపుతుంది. లోడరు ప్రోగ్రాము నడిచే క్షణంలో ఆ పుస్తకాన్ని వెతికి తెచ్చి ముందు పెడుతుంది. అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అనేది లింకరు చెప్పే మాట. "నువ్వు చెప్పిన పేరు గల సూత్రం నాకిచ్చిన ఏ పుస్తకంలోనూ లేదు" అని దాని అర్థం. లినక్స్‌లో కీబోర్డు నుంచి ఒక సంఖ్య తీసుకుని దాని వర్గమూలం కట్టే ప్రోగ్రాము రాసి చూడండి. మ్యాథ్ హెడరు చేర్చినా ఈ మాట రావచ్చు. హెడరు విషయసూచిక మాత్రమే, పుస్తకం కాదు. గణిత లైబ్రరీని కూడా జతచేయమని జీసీసీకి 'మైనస్ ఎల్.ఎం.' అని చెబితే పని జరుగుతుంది. ఇంటర్వ్యూలో మన మిత్రులను నిలవేసిన ప్రశ్నకు జవాబు ఈ రెండు అక్షరాలే.

గిద్దలూరులో ఎన్ని అక్షరాలు?

మాట వరసకు కాదు, చేసి చూపించడానికి ఒక ఉదాహరణ తీసుకుంటున్నాం. మన ఊరి పేరులో ఎన్ని అక్షరాలున్నాయి? ఒకటో తరగతి పిల్లవాడు కూడా గి, ద్ద, లూ, రు అని వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగు అంటాడు. సి భాషలో పొడవు కొలిచే స్ట్ర్‌లెన్ ఫంక్షనును అడగండి. 27 అంటుంది!

అది అబద్ధం చెప్పడం లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులు కేటాయించారు. మనం ఒక్క అక్షరమనుకునే 'గి' అందులో రెండు గడులు, గ ఒకటి, గుడి ఒకటి. 'ద్ద'కు మూడు కావాలి: ద, పొల్లు, మళ్లీ ద. ఇలా మొత్తం తొమ్మిది గడులు. మామూలుగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గడి ఒక్కొక్కటి మూడు బైట్లు ఆక్రమిస్తుంది. తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. స్ట్ర్‌లెన్ బైట్లను లెక్కించింది, మన పిల్లవాడు అక్షరాలను లెక్కించాడు.

మనకు కావలసిన లెక్క కట్టే ఫంక్షను రాయడం పెద్ద పని కాదు. అచ్చు గానీ హల్లు గానీ కనిపిస్తే ఒకటి కలుపు, దానికి వెంటనే ముందు పొల్లు ఉంటే కలపకు. గుణింతపు గుర్తులను వదిలెయ్యి. ఈ నియమంతో గిద్దలూరుకు నాలుగు వస్తుంది, మార్కాపురానికీ నాలుగే వస్తుంది. ఇది పది పదిహేను పంక్తుల పని. దీనిని ప్రతి ప్రోగ్రాములోనూ మళ్లీ మళ్లీ రాయకుండా ఒక ఉమ్మడి లైబ్రరీగా కట్టుకుందాం.

ముందుగా ఫంక్షనును 'అక్షరం' అనే పేరుతో ఒక సి ఫైలులో రాయాలి. దాని పేరు, అది ఏం తీసుకుంటుంది, ఏం తిరిగి ఇస్తుంది అన్న ఒక్క పంక్తిని హెడరు ఫైలులో పెట్టాలి. ఇందులో మెయిన్ ఫంక్షను ఉండకూడదు, ఎందుకంటే ఇది ప్రోగ్రాము కాదు, పుస్తకం. తర్వాత జీసీసీకి రెండు సూచనలివ్వాలి. 'మైనస్ సి' అంటే కంపైల్ చేసి ఆపెయ్యి, లింకు చేయకు అని. 'మైనస్ ఎఫ్', దాని పక్కనే పెద్ద అక్షరాల్లో 'పి.ఐ.సి.' అంటే, ఎక్కడ పెట్టినా పనిచేసేలా తయారుచెయ్యి అని.

ఈ రెండోదాని అవసరం తెలుసుకోవాలి. ఒకే లైబ్రరీని ఒక ప్రోగ్రాము తన జ్ఞాపకశక్తిలో ఒక చోట, మరొక ప్రోగ్రాము ఇంకొక చోట పెట్టుకుంటాయి. కాబట్టి లైబ్రరీ లోపల "నలభయ్యో నంబరు ఇంటికి వెళ్లు" అని రాసుకుంటే కుదరదు. "నువ్వున్న చోటు నుంచి పది ఇళ్లు ముందుకు నడువు" అని రాసుకోవాలి. అలా రాసుకుంటే ఆ లైబ్రరీ కోడు కంప్యూటర్ జ్ఞాపకశక్తిలో ఒక్క ప్రతిగా ఉండి, నడుస్తున్న అన్ని ప్రోగ్రాములకూ పనికొస్తుంది.

ఇలా తయారైన ఆబ్జెక్ట్ ఫైలును 'మైనస్ షేర్డ్' అనే సూచనతో ఉమ్మడి లైబ్రరీగా మార్చాలి. దాని పేరు 'లిబ్' అని మొదలై, మధ్యలో 'అక్షరం', చివర చుక్క 'ఎస్.ఓ.' అని ఉండాలి. ఇక మెయిన్ ఫంక్షనున్న ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడు, పెద్ద 'ఎల్' తర్వాత లైబ్రరీ ఏ ఫోల్డరులో ఉందో, చిన్న 'ఎల్' తర్వాత దాని పేరేమిటో చెప్పాలి. పేరు చెప్పేటప్పుడు ముందున్న 'లిబ్', వెనకున్న 'ఎస్.ఓ.' వదిలేసి 'అక్షరం' అంటే చాలు. ఈ సూచనను సి ఫైలు పేరు తర్వాతే రాయాలి. ముందు రాస్తే కొన్ని చోట్ల లింకరు అప్పటికి ఎవరికీ అవసరం లేదనుకుని దాటిపోతుంది.

ప్రోగ్రాము తయారైంది. నడపబోతే మాత్రం లైబ్రరీ ఫైలు తెరవలేకపోతున్నానని లోడరు అంటుంది. కొత్తవారు ఇక్కడే బెదిరిపోతారు. లింకరుకు దారి చెప్పాం గానీ లోడరుకు చెప్పలేదు. లోడరు తనకు తెలిసిన అల్మరాలలోనే వెతుకుతుంది, మనమున్న ఫోల్డరు ఆ జాబితాలో లేదు. 'ఎల్.డి. లైబ్రరీ పాత్' అనే వేరియబుల్‌కు మన ఫోల్డరు పేరు ఇస్తే పని జరుగుతుంది. ఎల్.డి.డి. అనే ఆజ్ఞతో అడిగితే, ఈ ప్రోగ్రాముకు ఏయే పుస్తకాలు కావాలో, ఏది ఎక్కడ దొరికిందో, ఏది దొరకలేదో వరసగా చూపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రయోజనం చూద్దాం. మన ఫంక్షను అ నుంచి హ వరకు ఉన్న గడుల వరసను చూసి లెక్కపెట్టిందనుకోండి. వర్ణమాలలో 'ౠ' ఉంది కదా, యూనికోడ్‌లో దాని గడి ఆ వరసకు దూరంగా, హ తర్వాత ఎక్కడో ఉంది. కాబట్టి మన లెక్కలో ఆ అచ్చు తప్పిపోతుంది. లైబ్రరీ ఫైలులో ఒక్క షరతు చేర్చి, లైబ్రరీని మాత్రం మళ్లీ కట్టండి. దాన్ని వాడుకునే ప్రోగ్రాములు పది ఉన్నా, వంద ఉన్నా, ఒక్కదాన్నీ ముట్టుకోనక్కరలేదు. మరుసటిసారి నడిపినప్పుడు అన్నీ సరైన లెక్క చెబుతాయి. ఈ అనుభవం ఒక్కసారి కళ్లారా చూసిన విద్యార్థి లింకింగ్ అంటే ఏమిటో జన్మలో మరచిపోడు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. లోపలి పని ఎంత మార్చినా ఫరవాలేదు గానీ, ఫంక్షను పేరు గానీ, అది తీసుకునే వాటి సంఖ్య గానీ మారిస్తే పాత ప్రోగ్రాములు దెబ్బతింటాయి. పాత నోటుబుక్కు పాత పేరుతోనే వెతుకుతుంది కదా! అందుకే పెద్ద మార్పు చేసినప్పుడు లైబ్రరీ పేరు చివర 1, 2 అని ముద్రణ సంఖ్య వేసి, పాతది పాతవారికి, కొత్తది కొత్తవారికి ఉంచుతారు. ఒకసారి మాట ఇచ్చి పదిమంది చేత వాడించాక, ఆ మాట మీద నిలబడాలి. ఇది పాఠ్యపుస్తకాల్లో దొరకని క్రమశిక్షణ.

ఒక్క తెలుగు అక్షరం

ఇదంతా మనకెందుకు, కంపెనీలు చూసుకుంటాయి కదా అనేవారికి ఒక సంఘటన గుర్తుచేస్తాం. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను నిలవేసింది. ఆ అక్షరం 'జ్ఞా'. మామూలుగా రాసిన జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం, ఇలా అయిదు గడుల వరస. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులో ఆ వరస కనిపిస్తే చాలు, ఆ యాప్ మూసుకుపోయేది. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ అన్నీ దానికి లొంగిపోయాయి. సందేశపు సూచనగా తెర మీదికి వస్తే ఫోనే పదేపదే ఆగిపోయేది.

వాట్సాప్ రాసినవారు వేరు, జీమెయిల్ రాసినవారు వేరు. మరి అన్నీ ఒకేసారి ఎందుకు కూలాయి? అక్షరాలను తెర మీద గీసే పనిని అవన్నీ ఒకే ఉమ్మడి లైబ్రరీకి అప్పగించాయి కాబట్టి. యాపిల్ వారి కోర్‌టెక్స్ట్ అనే ఆ లైబ్రరీలో జ్ఞాపకశక్తిని పాడుచేసే ఒక లోపం ఉంది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ ఒక్క చోట దిద్దింది. వాట్సాప్ మార్చలేదు, జీమెయిల్ మార్చలేదు, అన్నీ లేచి కూర్చున్నాయి. ఉమ్మడి లైబ్రరీలోని కష్టమూ సుఖమూ రెండూ ఈ ఒక్క సంఘటనలో ఉన్నాయి.

అప్పట్లో చాలామంది తెలుగు అక్షరం మీద జోకులు వేసుకున్నారు. మాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. జ్ఞానమనే మాటలోని మొదటి అక్షరమది. మార్కాపురం పలక మీద దాన్ని దిద్దిన చేతులు మనవి. ఒత్తు కింద ఎక్కడ పడుతుందో, దీర్ఘం ఎక్కడ తగులుతుందో మనకు పుట్టుకతో తెలుసు. అలాంటి లైబ్రరీలు రాసే చోట, పరీక్షించే చోట మనవాళ్లు ఉండవద్దా? లినక్స్‌లో ఈ పని చేసే లైబ్రరీ పేరు హార్ఫ్‌బజ్. పర్షియన్ భాషలో తెరిచిన అక్షరమని అర్థమొచ్చే పేరు. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీస్ దాన్నే వాడుకుంటాయి. దాని మూలం ఎవరైనా ఉచితంగా దించుకుని చదవవచ్చు, దిద్ది పంపవచ్చు. తలుపు తెరిచే ఉంది. వెళ్లడానికి కావలసింది లైబ్రరీ ఎలా కడతారో తెలియడమే.

ఉమ్మడిది అంటే ఎవరిదీ కాదని కాదు

మన పడమటి ప్రాంతంవారికి కంభం చెరువు గురించి చెప్పనక్కరలేదు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట వేశారు. కట్ట ఒక్కటే, దాని కింద పొలాలు ఎన్నో. ఎవరికి వారు చెరువు తవ్వుకోనక్కరలేదు. కానీ కట్టకు గండి పడితే నష్టపోయేది ఒక్క రైతు కాదు. అందుకే కట్టను కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి.

ఉమ్మడి లైబ్రరీలకూ ఇదే వర్తిస్తుంది. 2024 మార్చి నెలాఖరులో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లను కుదించే లైబ్రరీలో ఎవరో కావాలని దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. ఏళ్ల తరబడి దాన్ని దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా చూసుకుంటున్న మనిషికి సాయం చేస్తానంటూ చేరి, నమ్మకం సంపాదించి ఈ పని చేశారు. దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ప్రోగ్రాము నేరుగా ఈ లైబ్రరీని వాడదు. కానీ కొన్ని లినక్స్ రకాల్లో అది వాడే మరొక లైబ్రరీ దీన్ని వెంట లాక్కొస్తుంది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి కూపీ లాగకపోతే ఎంత నష్టం జరిగేదో! ఏ ప్రోగ్రాము వెనక ఏ లైబ్రరీ ఉందో చూసే అలవాటు ఉన్నవారు కాబట్టి పట్టుకున్నారు. ఆ అలవాటుకు మొదటి మెట్టు ఎల్.డి.డి. అనే మూడక్షరాల ఆజ్ఞే.

మా అభిప్రాయంతో ఏకీభవించనివారూ ఉన్నారు. వారి వాదనలో బలం లేకపోలేదు. ఇప్పుడు డిస్కు చవక, కాబట్టి అన్నీ ఒకే ఫైలులో కట్టేస్తే గొడవ ఉండదంటారు. 2009లో గూగుల్ వెలువరించిన గో భాష సాధారణంగా అలాగే చేస్తుంది, రస్ట్ భాష కూడా తన సొంత లైబ్రరీలను మామూలుగా అలాగే కలుపుకుంటుంది. నిజమే. కానీ రెండు దారులూ తెలిసినవాడే కదా ఏ దారి మంచిదో చెప్పగలిగేది! ఇంకొందరు, ఇప్పుడు కృత్రిమ మేధను అడిగితే ప్రోగ్రాము అదే రాసిపెడుతుందంటారు. రాసిపెడుతుంది. అది రాసింది లింకు కానప్పుడు ఎందుకు కాలేదో, దానికి ఏం చెప్పాలో తెలియాలంటే మళ్లీ ఈ చదువే కావాలి.

మన హాస్టల్‌లో ఏం చేయవచ్చు?

సిలబస్ మార్చడం మన చేతిలో లేదు. విశ్వవిద్యాలయాల పెద్దలు సి ల్యాబ్‌లో కనీసం ఒక ప్రయోగం లైబ్రరీ కట్టడం మీద పెట్టాలని, దానిని నీలం తెర మీద కాక లినక్స్ మీద చేయించాలని కోరుతున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు. లినక్స్ ఉచితం, 1987 నుంచి అందుబాటులో ఉన్న జీసీసీ ఉచితం. హైదరాబాదులో స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగులో ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి కూడా.

అప్పటిదాకా మనం చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. పాత కంప్యూటర్ ఒకటి ఉన్నా చాలు. అదీ లేకపోతే, ఆండ్రాయిడ్ ఫోనులో టెర్మక్స్ అనే ఉచిత యాప్ వేసుకుని, అందులో క్లాంగ్ అనే కంపైలరుతో పైన చెప్పినదంతా చేయవచ్చు. నలుగురికి కలిపి ఒక ఫోను ఉన్నా ఆదివారం మధ్యాహ్నం ఈ పని పూర్తవుతుంది.

మా ప్రతిపాదన ఇది. మన వసతిగృహం పేరు మీద ఒక ఉమ్మడి లైబ్రరీ మొదలుపెడదాం. మొదటి ఫంక్షను పైన చెప్పిన అక్షరాల లెక్క. రెండోది, అంకెల్లో ఉన్న సంఖ్యను తెలుగు మాటల్లో రాసేది. 1,250 ఇస్తే పన్నెండు వందల యాభై అనాలా, వెయ్యిన్నీ రెండు వందల యాభై అనాలా అన్నది రాసేవారే తేల్చుకోవాలి. అది కోడు రాయడం కంటే కష్టమైన ప్రశ్న. మూడోది, తెలుగు పేర్లను అకారాది క్రమంలో పేర్చేది. ఏటా ఒక బ్యాచ్ ఒక్క ఫంక్షను చేర్చాలి, ముందు బ్యాచ్ రాసినదాంట్లో ఒక్క తప్పైనా దిద్దాలి. ఎవరు చేర్చారో, ఎందుకు మార్చారో పక్కనే తెలుగులో రాసిపెట్టాలి.

ఇందులో కంప్యూటర్ చదువును మించిన ప్రయోజనం ఒకటి ఉందని మా నమ్మకం. మన ఇళ్లలో ముందు చదివినవారు లేరు. ఏ కోర్సులో చేరాలి, స్కాలర్‌షిప్ ఫారం ఎలా నింపాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు అన్నవన్నీ మనలో ప్రతి ఒక్కరూ మొదటి నుంచి సొంతంగా తెలుసుకోవలసి వస్తోంది. ఒకరు తెలుసుకున్నది వారి నోటుబుక్కులోనే ఉండిపోతోంది, వారితోపాటే ఊరు దాటిపోతోంది. తర్వాత వచ్చిన తమ్ముడు మళ్లీ మొదటి పేజీ నుంచే రాసుకుంటున్నాడు. ఒకరు రాసినది అందరికీ ఉపయోగపడేలా ఒక చోట పెట్టడం, దాన్ని ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండడం మనకు అలవాటు కావాలి. పదిహేను పంక్తుల సి ఫైలుతో మొదలుపెడితే ఆ అలవాటు మిగతా విషయాలకూ పాకుతుంది.

అన్నలూ, అక్కలూ! మీరు ఏ ఊళ్లో ఏ ఉద్యోగంలో ఉన్నా, సెలవులకు వచ్చినప్పుడు ఒక్క పూట హాస్టల్‌కు వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రాదని భయపడకండి. లోడరు తిట్టినా, లింకరు తిట్టినా ఆ తిట్టును పూర్తిగా చదవండి, ఏం కావాలో అందులోనే చెబుతుంది. వచ్చే వార్షికోత్సవం నాటికి వేదిక పక్కన ఒక బల్ల మీద కంప్యూటర్ పెట్టి, వచ్చిన తల్లిదండ్రుల చేత వారి ఊరి పేర్లు చెప్పించి, ఏ ఊరికి ఎన్ని అక్షరాలో మన లైబ్రరీ చేత లెక్క కట్టించి చూపిద్దాం. మొదటి ఫంక్షను ఎవరు రాస్తారు? పేర్లు ఇవ్వండి.